దూది మేత ముట్టని రోజు

ప్రమీల పొద్దున్నే లేచి ప్రార్థన ముగించుకున్నాక చేసే మొదటి పని, వరండాలో కుందేలు గూడు కింద పాత పేపరు మార్చడం. ఇన్నేళ్లు తెలుగు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి కుందేలు పెంటికలు ఎత్తిపోయడమేంటని తెనాలి చెంచుపేటలో ఆ వీధివాళ్లు నవ్వేవారు. ఆమెకు మాత్రం ఆ పని మీద రోత లేదు. మనవరాలు లిడియా దూది అని పేరు పెట్టుకున్న ఆ తెల్ల కుందేలు రాత్రంతా వేసిన పెంటికలు మిరియాల కన్నా కాస్త పెద్దవిగా, గుండ్రంగా, పొడిగా, ఎండుగడ్డి వాసన వేస్తూ ఉండేవి. చీపురు తగలగానే గలగలమని చేటలోకి దొర్లేవి. వాటిని తీసుకెళ్లి గులాబీ మొక్కల మొదట్లో వేసేది.

ఆ ఉదయం పేపరు మీద ఒక్క పెంటిక కూడా లేదు.

ప్రమీల వంగి చూసింది. దూది ఒక మూలకు ముడుచుకుని, కళ్లు సగం మూసుకుని ఉంది. వేసిన గరిక వేసినట్టే వాడిపోయింది. దగ్గరికి వెళ్లి చెవి పెడితే అది పళ్లు నూరుతున్న చప్పుడు సన్నగా వినిపించింది. గూటికి ఒక పక్క ఇనప వల లోపలికి సొట్టపోయి ఉంది. ఆ సొట్ట ఎలా పడిందో ఆమెకు తెలుసు. ముందురోజు సాయంత్రం తన కొడుకు అజయ్ బాబు తన్నిన తన్నుకు పడింది.

కొన్నాళ్లుగా దూది పెంటికలు మెత్తగా, జిగురుగా, కంపు కొడుతూ పడుతున్నాయి. వెనక కాళ్ల బొచ్చుకు అంటుకుపోతున్నాయి. నిన్న లిడియా దాన్ని కాసేపు హాల్లో తిరగనిచ్చింది. పురుగుమందుల కంపెనీలో పనిచేసే అజయ్ బాబు ఊళ్లు తిరిగి వచ్చి, బూట్లు విప్పి, వట్టి కాళ్లతో ఆ మెత్తటి దాని మీద అడుగు వేశాడు. అతను మొదట అరవడు. ఇంట్లో అందరికీ భయం అదే. చేతి గడియారం తీసి టీవీ పక్కన పెట్టాడు. వంటింట్లోకి వెళ్లి భార్య సుజనను జడ పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. ఈ పీడను ఇంట్లోకి తెచ్చింది నువ్వే కదా అంటూ ఆమె ముఖాన్ని నేలకేసి, ఆ మురికిలోకి అదిమాడు. గింజుకుంటే సోఫా కాలికి చెంప కొట్టుకుంది. ఇంకా కసి తీరక వరండాలోకి పోయి గూటిని తన్నాడు. గూడు కుందేలుతో సహా గోడకు గుద్దుకుని పక్కకు ఒరిగింది. తొమ్మిదేళ్ల లిడియా కర్టెన్ వెనక నిలబడి అంతా చూసింది.

అప్పుడు ప్రమీల చేసిన పని ఒక్కటే. లేచి వెళ్లి వీధివైపు కిటికీలు మూసింది.

పెళ్లయిన దగ్గర్నుంచీ జరుగుతున్నదే ఇది. చనిపోయిన ఆమె భర్త బాలస్వామి ఏనాడూ చెయ్యెత్తి ఎరగడు. కొడుక్కి ఈ గుణం ఎక్కడ అబ్బిందో ఆమెకు అంతుపట్టలేదు. అంతుపట్టని దానికి తనే కారణాలు వెతికి పెట్టుకుంది. ఎండలో తిరిగే ఉద్యోగం అనుకుంది. కోడలు ఎదురు చెబుతుంది అనుకుంది. చర్చిలో ఎవరైనా సుజన కమిలిన ముఖం చూసి అడిగితే బాత్రూంలో జారిందండి అనేది. ఆ మాట ఆమె నోటికి బాగా అలవాటైపోయింది.

సుజన వంటింట్లో ఉప్మా కలుపుతోంది. ఎడమ చెంప నల్లగా పొంగి, కన్ను సగం మూసుకుపోయింది. ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. స్కూలుకి అలా వెళ్తే బాగుండదు, ఇంకాస్త పౌడరు రాసుకోమంది ప్రమీల.

"పౌడరు అయిపోయిందండి అత్తయ్యా" అంది సుజన, గరిటె ఆపకుండానే.

అజయ్ బాబు టిఫిన్ తిని, సాక్సులు వేసుకుంటూ, సాయంత్రం తను వచ్చేసరికి ఆ కుందేలు ఇంట్లో కనిపించకూడదని చెప్పాడు. కాలవలో పారేస్తారో, ఏం చేస్తారో తనకు అనవసరం. మామూలు గొంతుతోనే చెప్పాడు. బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఇంట్లో ఎవరూ కదల్లేదు.

లిడియా ఆ రోజు కూడా కడుపునొప్పి అని మంచం దిగలేదు. ఈ మధ్య ఆ పిల్లకు తరచూ ఇదే గొడవ. పొట్ట రాయిలా గట్టిగా ఉంటుంది. నులిపురుగులకు మందు వేశారు. ప్రమీల ఆ పిల్ల ముక్కు మూసి ఆముదం కూడా పట్టించింది. ఏదీ పనిచేయలేదు. దూది మేత ముట్టలేదని తెలియగానే మాత్రం లేచి వచ్చి గూటి ముందు కూర్చుంది. చప్పుడు లేకుండా ఏడవడం ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

సుజన స్టవ్ కట్టేసి ఫోన్ తీసుకుంది. ఊళ్లో పశువుల ఆసుపత్రిలో అడిగితే, తమకు గేదెల సంగతే తెలుసు, కుందేళ్లకైతే బాపట్లలో మాధురి అనే డాక్టరమ్మ ఉన్నారు, ఆలస్యం చేస్తే బతకదు అన్నారు. ఆమె స్కూలుకి సెలవు చెప్పి కుందేల్ని తువ్వాలు పరిచిన బుట్టలో పెట్టింది. ప్రమీల కూడా చీర మార్చుకుని బయల్దేరింది. కుందేలు మీద ప్రేమ ఉన్నా, ఆమె బయల్దేరింది అందుకు కాదు. సుజన పుట్టిల్లు రేపల్లె. స్టేషన్ దాకా వెళ్లిన మనిషి బాపట్ల బండి బదులు రేపల్లె బండి ఎక్కేస్తుందేమోనని భయం.

ప్లాట్‌ఫాం మీద రేపల్లె బండి నిలబడే ఉంది. సుజన దానివంక చూసింది. ప్రమీల మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. బాపట్ల వైపు బండి వచ్చాక ఎక్కారు. చుండూరు దాటాక ఎదురు సీట్లో ఒక పెద్దావిడ సుజనను పరకాయించి చూసి, ముఖం అలా అయిందేంటమ్మా అని అడిగింది. సుజన నోరు తెరవకముందే, బాత్రూంలో జారిందండి అని ప్రమీల చెప్పేసింది. లిడియా తల తిప్పి నానమ్మ ముఖంలోకి చూసింది. ఆ పిల్ల చూపుకు ప్రమీల కిటికీలోంచి బయటికి చూడాల్సి వచ్చింది.

డాక్టర్ మాధురి దూదిని బల్ల మీద పెట్టి, పొట్ట చుట్టూ వేళ్లతో మెల్లగా నొక్కి చూసింది. ఒకచోట ముట్టుకోగానే అది వణికింది. ఎక్స్‌రే తీసి, లోపల ఏదీ అడ్డు పడలేదని తేల్చుకుంది. చర్మం కిందికి సెలైన్ ఎక్కించి, నొప్పికి ఒక సూది, పేగులు కదలడానికి మరో సూది వేసింది. ఏం పెడుతున్నారని అడిగితే గరిక, తోటకూర, క్యారెట్టు అని సుజన చెప్పింది.

"బియ్యం, బిస్కెట్లు, బ్రెడ్డు లాంటివి పెడుతున్నారా?"

సుజన అత్తగారి వంక చూసి, నేనైతే పెట్టడం లేదండి అంది. రోజూ సాయంత్రం ప్రమీల టీలో ముంచుకునే బిస్కెట్లలో రెండు దూదికి పెడుతోంది. అది ముందు కాళ్లతో పట్టుకుని కొరుక్కుతింటుంటే చూడ్డం ఆమెకు సరదా. ఆ మాట మెల్లగా బయటపెట్టింది. డాక్టరమ్మ కోప్పడలేదు. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుందని, మెత్తగా ఉండేవాటిని నేల మీద పడకుండా అదే తినేస్తుందని, అది దాని ఆరోగ్యానికి అవసరమని చెప్పింది. పిండి పదార్థాలు ఎక్కువైతే ఆ మెత్తటివి పాడై, జిగురుగా మారి అక్కడా ఇక్కడా పడతాయంది.

కొడుకు తొక్కిన మురికి తన బిస్కెట్ల వల్ల పడిందని ప్రమీలకు అప్పుడు అర్థమైంది. తన్నులు తిన్నది కోడలు.

"మెత్తగా పడటం వేరు, ఇలా పూర్తిగా ఆగిపోవడం వేరు. పొట్టకు దెబ్బ తగిలింది. గూడు పైనుంచి పడిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"అవునండి, పిల్లి తోసేసింది" అంది ప్రమీల.

"నాన్న తన్నారు" అంది లిడియా.

డాక్టరమ్మ సుజన చెంప వంక చూసింది. దూది వీపు నిమురుతూ లిడియాకే చెప్పింది. "వీటి పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలమ్మా. నొప్పి కలిగినా ఆగిపోతాయి. బాగా భయపడినా ఆగిపోతాయి. ఆగితే ప్రాణం మీదికి వస్తుంది."

"నాకూ అంతే" అంది లిడియా. "హాల్లో నాన్న కూర్చుంటారు కదా. బాత్రూంకి ఆయన ముందు నుంచే పోవాలి. ఆపుకుంటాను. తర్వాత ఇంక రాదు."

ప్రమీలకు తను ఆ పిల్ల ముక్కు మూసి పట్టించిన ఆముదం గుర్తొచ్చింది. లిడియాను పిల్లల డాక్టరుకు చూపించమని మాధురి సుజనకు చెబుతుండటం, సిరంజితో దూదికి ఆకుకూర గుజ్జు ఎలా పట్టాలో చూపించడం, అన్నీ దూరం నుంచి వినపడుతున్నట్టు విన్నది. చివర్లో డాక్టరమ్మ ఒక మాట మాత్రం ఇద్దరినీ చూసి అంది. భయపెట్టిన చోటికే మళ్లీ తీసుకెళ్తే తన మందు పనిచేయదు.

స్టేషన్‌కి వచ్చాక సుజన అటునుంచి అటే రేపల్లె వెళ్లిపోతానంది. ప్రమీల వద్దనలేదు. ఇల్లు దారిలోనే కాబట్టి పిల్ల బట్టలు, నీ సర్టిఫికెట్లు తీసుకుని వెళ్లు, వాడు వచ్చేసరికి ఎలాగూ చీకటి పడుతుంది, నేనే బండి ఎక్కిస్తాను అంది. మంచికే చెప్పింది.

తెనాలి ఇంటి తలుపు తోసేసరికి అజయ్ బాబు హాల్లో కూర్చుని ఉన్నాడు. గడియారం అప్పటికే టీవీ పక్కన ఉంది.

ఎక్కడికి వెళ్లారని అడిగాడు. సుజన చెప్పింది. మందుల సంచీ చూశాడు, బుట్ట చూశాడు. నేను పారేయమన్నదాన్ని ఊరేగించి తెచ్చారా అంటూ లేచాడు. సుజన బుట్టను వెనక్కి పెట్టుకుని, దాన్ని ముట్టుకోవద్దండి అంది. ఆ మాట పూర్తి కాలేదు. పిడికిలితో ఆమె నోటి మీద గుద్దాడు. ఆమె తలుపుకు కొట్టుకుని జారిపోయింది. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదుగా జాకెట్టు మీద పడింది. లేవబోతే పొత్తికడుపులో తన్నాడు. బుట్ట లాక్కుని నేలకేసి కొట్టాడు. దూది దొర్లి గోడ వారకు పడింది. పారిపోయే ఓపిక కూడా దానికి లేదు.

లిడియా పరిగెత్తుకుంటూ వెళ్లి దాని మీద బోర్లా పడుకుంది. రెండు చేతులూ తల మీద పెట్టుకుని, మోకాళ్లు ముడుచుకుని, వీపు తండ్రికి అప్పగించింది. అజయ్ బాబు లే అన్నాడు. లేవలేదు. అతను కాలు ఎత్తాడు.

వంటింటి గుమ్మం పక్కన ఆనించి ఉన్న రోకలి ప్రమీల చేతిలోకి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. ఎత్తి కొట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

అజయ్ బాబు ఆ చేతిని చూసుకున్నాడు, తల్లిని చూశాడు. తర్వాత రెండో చేత్తో ఆమె గొంతు పట్టుకుని గోడకేసి గుద్దాడు. కళ్లద్దాలు ఎగిరిపడ్డాయి. అదే చేత్తో చెంప మీద కొట్టిన దెబ్బకు చెవిలో హోరు మొదలైంది, నోట్లో పన్ను కదిలింది. తను కని పెంచిన చెయ్యి ఇంత బరువుంటుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. సుజన పాక్కుంటూ వచ్చి అతని కాలు వాటేసుకుని పిక్క కొరికింది. అతను తూలాడు. ఆ సందులో ప్రమీల గోడ పట్టుకుని నడిచి వీధి తలుపు బార్లా తెరిచింది.

"కొండమ్మా, రావే. నా కొడుకు మమ్మల్ని చంపుతున్నాడు."

ఎదురింటి కొండమ్మ చేతిలో చేట అలాగే పట్టుకుని వచ్చింది. ఆమె వెనక ఇంకా నలుగురు వచ్చారు. వీధి మొత్తం గుమ్మంలో నిలబడేసరికి అజయ్ బాబు సోఫాలో కూర్చుండిపోయి, వాచిన మణికట్టును ఒళ్లో పెట్టుకుని మూలిగాడు. సుజన రక్తం తుడుచుకోకుండానే పోలీసులకు ఫోన్ చేసింది.

వచ్చిన ఎస్సై ఏం జరిగిందని అడిగాడు. అజయ్ బాబు మర్యాదగా లేచి నిలబడ్డాడు. "ఏం లేదండి సార్. మా అమ్మ బాత్రూంలో జారింది. పట్టుకోబోతే నా చెయ్యి విరిగింది."

ఇన్నేళ్లూ తను చెప్పిన మాట కొడుకు నోట్లోంచి విని, ప్రమీల ఎస్సై ముందుకు వచ్చింది.

"ఎవరూ జారలేదు సార్" అంది. "వాడి చెయ్యి విరగ్గొట్టింది నేను. పిల్లను తొక్కబోతే రోకలితో కొట్టాను. నా కోడలిని పెళ్లయిన దగ్గర్నుంచీ కొడుతున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. అడిగినవాళ్లందరికీ అబద్ధం చెప్పాను. ఇవన్నీ రాసుకోండి. సంతకం పెడతాను."

అజయ్ బాబు అమ్మా అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. చూస్తే ఆ సంతకం పెట్టలేనని ఆమెకు తెలుసు.

ఆసుపత్రిలో కుట్లు, పోలీస్ స్టేషన్‌లో వాంగ్మూలాలు అయ్యాక, మర్నాడు పొద్దున బండికి వాళ్లు రేపల్లె బయల్దేరారు. తను వెనక ఉండిపోవాలనే ప్రమీల అనుకుంది. ఏ ముఖం పెట్టుకుని వియ్యపురాలి గడప తొక్కుతుంది? సుజనే ఆమె బట్టలు కూడా సంచీలో సర్దింది. ఆయన బెయిలు మీద వస్తే ఈసారి మీ వంతు అవుతుందండి, రండి అంది. అందులో ప్రేమ ఏమీ వినపడలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

వేమూరు దాటాక ప్రమీల ఉండబట్టలేక, బిస్కెట్లు పెట్టింది నేనేనమ్మా, నీకు పడ్డ దెబ్బలు నావి అంది.

"తెలుసండి. గూట్లో ముక్కలు కనపడేవి. వాటివల్లేనని అనుమానం ఉండేది" అంది సుజన, కుట్లు పడిన పెదవి కదలకుండా.

"మరి వాడు కొట్టినప్పుడు చెప్పలేదేం?"

"చెబితే మిమ్మల్ని కొడతారేమోనని. మీరు తట్టుకోలేరు."

భట్టిప్రోలులో బండి ఆగి, మళ్లీ కదిలింది. లిడియా సిరంజి పట్టుకుని దూది నోట్లోకి గుజ్జు చుక్క చుక్కగా వదులుతోంది.

సుజన తల్లి రిబ్కా వియ్యపురాలిని లోపలికి రమ్మంది గానీ మొదట్లో ముఖం చూసి మాట్లాడలేదు. ప్రమీల అది తనకు దక్కాల్సిందేననుకుంది. రెండు రోజులు దూది బతుకుతుందో లేదో తెలియలేదు. వేళకు మందు వేసి, పొట్ట కింద గోరువెచ్చని సీసా పెట్టి, మెల్లగా నిమురుతూ కూర్చున్నారు. మూడో రోజు తువ్వాలు మీద ఆవగింజలంత చిన్నవి, వంకరటింకరవి నాలుగు పెంటికలు కనపడ్డాయి. లిడియా వాటిని అరచేతిలో పెట్టుకుని ఇల్లంతా తిరిగి చూపించింది. రిబ్కా కూడా నవ్వింది. లిడియాకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. పిల్లల డాక్టరు మందు ఇచ్చాడు. అయినా గేటు చప్పుడైతే ఉలిక్కిపడటం చాలా వారాలు పోలేదు.

బెయిలు మీద బయటికొచ్చి, చేతి కట్టు ఇంకా విప్పకముందే అజయ్ బాబు ఒక ఆదివారం మధ్యాహ్నం రేపల్లె వచ్చాడు. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు. ప్రమీల గేటు దగ్గరికి వెళ్లింది. గొళ్లెం తీయలేదు. అతను చాలాసేపు తల దించుకుని నిలబడి, తప్పయిపోయిందన్నాడు. ఇంటికి రమ్మన్నాడు. ఇల్లు దయ్యాల కొంపలా ఉందన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆమెకు గేటు తీసి ఆ తల నిమరాలనిపించింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అన్నం తిన్నావా?" అని అడిగింది.

"నీకు నేను అక్కర్లేదా అమ్మా?"

"అక్కర్లేకపోతే ఆ రోకలి ఎత్తేదాన్ని కాదురా. నీ కేసు నడుస్తుంది. నేనే సాక్ష్యం చెబుతాను. నీ ఈ కోపానికి డాక్టరు దగ్గర వైద్యం చేయించడానికి ఎప్పుడు పిలిచినా వస్తాను, నీ పక్కన కూర్చుంటాను. కానీ ఈ గేటు తీయను."

అతను ఆమె భుజం మీదుగా వరండాలోకి చూసి, ఒక్కసారి లిడియాను పిలవమన్నాడు. పిలవక్కర్లేకపోయింది. ఆ పిల్ల తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"నేను రాను నాన్నా" అంది. గొంతు వణికింది గానీ వీధి దాకా వినపడింది. "మీరంటే నాకు భయం."

అజయ్ బాబు మొహం ఎర్రబడింది. గేటు ఊచ మీద అతని వేళ్లు బిగుసుకోవడం ప్రమీల చూసింది. తర్వాత ఆ వేళ్లు వదులయ్యాయి. అతను ఇంకేమీ అనకుండా వెనక్కి తిరిగి, కట్టు కట్టిన చేతిని గుండెలకు ఆనించుకుని, ఎండలో స్టేషన్ దారి పట్టాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

అతను మలుపు తిరిగాక ప్రమీల మెట్టు మీద కూర్చుని బావురుమని ఏడ్చింది. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు. చూడనీ అనుకుంది. సుజన లోపల్నుంచి మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఆమె పక్కన పెట్టి, తనూ అదే మెట్టు మీద కూర్చుంది. ఓదార్చలేదు, ఊరుకోమనలేదు. అత్తగారి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఆ ఏడుపు ఆగేదాకా అక్కడి నుంచి లేవలేదు.